శబ్దం లేని ఏడుపు

తండ్రి పోయాక ఆ పిల్ల తల్లి నాటకశాలలో నేల తుడిచే పనికి కుదిరింది. ఇద్దరూ మేనమామ ఒంటిగది ఇంట్లో తలదాచుకున్నారు. పిల్ల ఏడుపు వినిపిస్తే చాలు, మేనమామ బెల్టు తీసేవాడు. తల్లి గోడ వైపు తిరిగి కూర్చునేది. ఆరేళ్లకే ఆ పిల్ల నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడవడం నేర్చుకుంది.

పెద్దయ్యాక అదే నాటకశాలలో వేషం అడిగితే, "నీ రంగుకి ఎన్ని లైట్లు వేసినా చాలవమ్మా" అని నవ్వారు. పదిహేనేళ్లు పనిమనిషి వేషాలే ఇచ్చారు. చివరికి అసలు నటి మంచం పడితే, బిడ్డను పోగొట్టుకున్న తల్లి పాత్ర ఆమెకు దక్కింది.

రిహార్సల్లో కన్నీళ్లు ధారగా కారాయి గానీ గొంతు పెగల్లేదు.

"గుండెలు పగిలేలా ఏడవమంటే, ఉల్లిపాయలు తరుగుతున్నట్టు నిలబడతావేంటి?" అని దర్శకుడు కసిరాడు.

"నాకు ఇలాగే వచ్చు సార్. గట్టిగా ఏడిస్తే మా మావయ్య కొట్టేవాడు."

ఆట రోజున ఆయన తెర వెనక నుంచి మాటలు అందించే అక్క చేత ఏడిపించాడు. ఆ ఏడుపు ఆమెదే అనుకుని జనం కళ్లు తుడుచుకున్నారు.

ఆట అయ్యాక మేకప్ గదిలో అక్క, "ఇక్కడ కొట్టేవాళ్లెవరూ లేరు. ఒక్కసారి గట్టిగా ఏడువమ్మా" అంది.

ఆమె నోరు తెరిచింది. మేనమామ చనిపోయి అప్పటికి పదేళ్లు. అయినా ఆమె కళ్లు తలుపు వైపే వెళ్లాయి, గొంతు రాలేదు.

తర్వాత పెద్ద పాత్రలు చాలానే వచ్చాయి. ఒప్పుకునే ముందు మాత్రం, "ఏడుపుకు ఇంకొకరి గొంతు పెట్టుకోండి" అని చెప్పేది.