ఇరవయ్యొకటి నిండేలోపు

అమెరికాలో, ఈ మోరిస్‌విల్‌లో మా తెలుగువాళ్లు ఎదురుపడితే "బాగున్నారా" తర్వాత అడిగే మాట ఒకటే: "డేట్ కదిలిందా?" గ్రీన్ కార్డు వరసలో ఏ తేదీకి దరఖాస్తు పెట్టినవాళ్ల వంతు వచ్చిందో ప్రభుత్వం నెలకోసారి చెబుతుంది. అది మా తేదీ దాకా రావాలి. మా అమ్మాయికి ఇరవయ్యొకటి నిండేలోపే రావాలి. లేకపోతే మా దరఖాస్తులోంచి దాని పేరు పోతుంది, మా వీసా మీద ఇక్కడ ఉండే వీలూ పోతుంది. నాలుగేళ్ల పిల్లగా ఇక్కడికొచ్చింది. దానికి ఇంకో దేశం తెలియదు.

నేను ప్రతినెలా ఆ తేదీని ఎక్సెల్‌లో వేసి గీత గీసేవాణ్ణి. ఆ ఏడాది గీత వరసగా ముందుకే పోయింది. శనివారం భోజనాలకు కలిసినప్పుడు మిత్రులు ప్లేట్లు పట్టుకుని నా ల్యాప్‌టాప్ చుట్టూ చేరేవారు. "ఏప్రిల్‌కల్లా మీ పని అయిపోద్ది బ్రో" అన్నాడొకడు. నేను జ్యోతిష్కుడిలా తలూపాను. అమ్మాయి పుట్టినరోజు ఆగస్టులో. ఎందుకైనా మంచిది, ఇప్పుడే దానికి విడిగా స్టూడెంట్ వీసా అప్లై చేద్దామంది మా ఆవిడ. "అపశకునం మాటలు మాట్లాడకు" అని కసిరాను.

అమ్మాయి అప్పుడు కాలేజీలో క్రిటికల్ థింకింగ్ అనే క్లాసు తీసుకుంటోంది. ఒక ఉదయం పాలల్లో సీరియల్ వేసుకుని తింటూ నా గీత చూసింది.

"నాన్నా, ఇది ఇండక్టివ్. ఇప్పటిదాకా అయింది, సో ఇంకా అవుతుంది అంటున్నావ్. నీ ఫ్యాక్ట్స్ అన్నీ కరెక్టే అయినా కంక్లూజన్ రాంగ్ అవ్వచ్చు."

"మరి రాంగ్ కానిదేంటి?"

"డిడక్టివ్. ఫస్ట్ రెండు పాయింట్లూ నిజం అయితే లాస్ట్‌ది నిజం అవ్వాలి. రాంగ్ అయ్యే ఛాన్స్ లేదు."

"ఇరవయ్యేళ్లుగా ఇంజనీర్‌నమ్మా నేను" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. అది కూడా వాదనే అనుకున్నానేమో.

ఏప్రిల్‌లో తేదీ ముందుకు రాలేదు. వెనక్కి పోయింది, నెలలు కాదు, ఏళ్లు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. కొత్త తేదీని ఎక్సెల్‌లో వేశాను. గీత కిందికి పడింది. సేవ్ చేసి మీటింగ్‌కి వెళ్లాను.

సాయంత్రం అమ్మాయే చెప్పింది, క్లాసులో అప్పజెప్పినట్టు. "బర్త్‌డే లోపల డేట్ రాకపోతే ఎవరైనా ఫైల్ నుంచి అవుట్. నాకు డేట్ రాదు. సో నేను అవుట్. ఇది డిడక్టివ్, నాన్నా."

ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. అయినా వచ్చే నెల చూద్దామన్నాను. ఆ నెల చూశాను, పై నెలా చూశాను. స్టూడెంట్ వీసాకి కాగితాలు పంపేసరికి జులై ఆఖరు. ఆగస్టులో కేక్ కోశాం. ఫోటోలో నేను నవ్వుతూనే ఉన్నాను.

వీసా మారేదాకా క్లాసుకి రాకూడదని కాలేజీవాళ్లు చెప్పారు. సెమిస్టర్ మొదలైన రోజు అమ్మాయి అలవాటుగా ఏడింటికే లేచి, తల దువ్వుకుని వచ్చి వంటింట్లో కూర్చుంది. ఎక్కడికీ వెళ్లే పని లేదు. తప్పు నాదేనని దానితో అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. "పాలు అయిపోయాయి, వచ్చేటప్పుడు తెస్తాను" అని చెప్పి ఆఫీసుకి వెళ్లిపోయాను.