రూతమ్మ పంతులమ్మ నవ్వు

పొగమంచులో ఎదురిల్లు కనిపించడం లేదు. అందులోంచి నవ్వు మాత్రం వస్తోంది. ఆ ఇంటి కోడలు ఫోనులో ఏదో హాస్య చిత్రం చూస్తున్నట్టుంది. మనిషి కనబడకుండా నవ్వొక్కటే తేలి వస్తే నాకు రూతమ్మ పంతులమ్మ గుర్తొస్తుంది. ఆమె నవ్వు ఆమె కంటే ముందే గుమ్మంలోకి వచ్చేది.

విజయనగరం వైపు నుంచి పెళ్లి చేసుకుని ముంచింగిపుట్టు దాటి మా కొండకు వచ్చిన మనిషి. భర్త పోయాక కూడా కిందికి దిగలేదు. కాఫీ పండ్లు కోసి వచ్చిన ఆడవాళ్లని ప్రార్థన మందిరం అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు నేర్పేది. అప్పటికి నాకు మనవరాలు పుట్టింది. పలక పట్టాలంటే సిగ్గు. ఒక సాయంత్రం బోర్డు మీద ‘దేవుడు నా కాపరి’ అని రాసి చదవమంది. మొదటి రెండు మాటలు నేను చదివాను, మిగతాది నా చేతులకంటిన వాసన చదివింది. ‘దేవుడు నా కాపీ’ అన్నాను. కాఫీని మేం అలాగే అంటాం. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. పంతులమ్మ కళ్లు తుడుచుకుంటూ, “బాగుందోలమ్మీ. పొద్దున్నే ఆయన నేకపోతే నాకూ తల పని సెయ్యదు,” అంది. అక్షరాలంటే భయం ఆ రోజే పోయింది.

ఆ ఏడు వానల్లో ఆమె ఇంట్లో ఒక సినిమా చూశాం. దేవుడు మామూలు మనిషిలా ఒక ఊరికి వస్తాడు. మందిరంలో పెద్దాయన మైకు మింగేలా పట్టుకుని ప్రార్థిస్తుంటే, వెనక కూర్చున్న దేవుడు చెవులు మూసుకుని, ‘వినబడుతోంది నాయనా’ అంటాడు. పడి పడి నవ్వాం. తర్వాత ఒక ముసలామె వణుకుతూ చేసే ప్రార్థనని వెక్కిరించే చోటు వచ్చింది. పంతులమ్మ టీవీ కట్టేసింది. “ఈ నవ్వు నాకొద్దు,” అని లేచిపోయింది.

ఆ సంగతి సంఘపెద్ద దావీదయ్య చెవిన పడింది. దేవుడి సినిమా చూసి నవ్వినవాళ్లు ఆదివారం లేచి తప్పు ఒప్పుకోవాలనీ, లేకపోతే ప్రభువు బల్ల ఆరాధనలో పంచే రొట్టె ఇవ్వననీ చెప్పాడు. బాప్తిస్మం అయ్యాక నాకు అదే మొదటి రొట్టె. పంతులమ్మ దగ్గరికి పరుగెత్తాను.

“ఏటి సెయ్యను పంతులమ్మా? ఒప్పేసుకుంటే పోద్ది కదా.”

“ఏటని ఒప్పుకుంటావు? దేవుణ్ణి సూసి నవ్వినావా?”

“నేదు.”

“నువ్వు కాపీ అన్ననాడు మేం నవ్వినాం. అది దేవుణ్ణి సూసా? ఎవల్ని సూసి నవ్వినావో అదే సెప్పు. అబద్ధమాడి రొట్టె తినకు.”

ఆదివారం లేచి నిలబడ్డాను. “అయ్యా, దేవుణ్ణి సూసి నవ్వనేదు. మైకు పట్టుకుని అరిసే మనిసిని సూసి నవ్వినాను,” అన్నాను. దావీదయ్య చేతిలో మైకు ఉంది. మందిరమంతా ఆ మైకునే చూస్తోంది. ఆయన కూడా దాన్ని చూసుకుని, మీట నొక్కి పక్కన పెట్టాడు.

“అంత గట్టిగా అరుత్తానేటి?”

“ఒడిసా దాకా ఇనబడతాది బావూ,” అంది వెనక నుంచి పంతులమ్మ.

మొదట నవ్వింది ఆయనే. నవ్వుతూనే నా చేతిలో రొట్టె పెట్టాడు.

పంతులమ్మ ఇప్పుడు లేదు. దేవుడి మీద తీసిన హాస్య సినిమాలు చూడొచ్చా అని మా సంఘం పిల్లలు నన్నడుగుతారు. చూడమనీ, వద్దనీ చెప్పను. నవ్వొచ్చినప్పుడు ఎవరిని చూసి నవ్వారో చూసుకోమంటాను. ప్రార్థన మధ్యలో నాకూ ఒక్కోసారి నవ్వొస్తుంది. దానికి క్షమాపణ అడగను. ఆయనా విన్నాడులే అనుకుని, మిగతాది చెప్పుకుంటాను.