ఆకలి సీను కోసం పస్తు

ఈ రోజు ఫిల్మ్ నగర్ షూటింగులో నాకు ఒళ్లు మండిపోయింది. నేను రాసిన సీన్లో ఒక ముసలి కూలీ హోటల్లో ఆబగా బిర్యానీ తినాలి. ఆకలి సహజంగా కనిపించాలని మా కుర్ర దర్శకుడు, ఆ వేషం వేసే యాదయ్యను నిన్నటి నుంచి పస్తుంచాడు. పైగా లైటింగు పేరుతో రెండు గంటలు వేడి బిర్యానీ ముందు కూర్చోబెట్టాడు. ఆ వాసనకు ఖాళీ కడుపులో జీర్ణరసాలు ఊరాయి. తిండి పడకపోయేసరికి ఆకలి చచ్చిపోయి మంట మిగిలింది. టేక్ మొదలయ్యాక, రెండో ముద్దకే యాదయ్య వాంతి చేసుకున్నాడు.

"ఏంటి యాదయ్యా, తినడం కూడా రాదా? వేరేవాణ్ణి పిలిపించనా?" అన్నాడు దర్శకుడు.

"గట్లనకుండ్రి సార్. జర మజ్జిగ తాగి మల్ల తింట," అని యాదయ్య చేతులు జోడించాడు.

నేను ఊరుకోలేకపోయాను. "నువ్వు యాక్షన్ అనగానే పని మొదలుపెట్టడానికి కడుపేమన్నా నీ అసిస్టెంటా?" అన్నాను.

"గురువుగారూ, మీరు డైలాగులు చూసుకోండి," అన్నాడు దర్శకుడు, ఇడ్లీ నములుతూ.

యాదయ్యకు మజ్జిగ నేనే తెచ్చి తాగించాను. కాసేపు పడుకోబెట్టాను. తర్వాతి టేక్‌లో యాదయ్య కళ్లు మూసుకుని, ఒక్కొక్క మెతుకూ నెమ్మదిగా నమిలాడు. సెట్లో వాళ్లంతా పనులాపి చూశారు.

దర్శకుడు నా భుజం తట్టి, "చూశారా, పస్తుంచితే ఎంత సహజంగా వచ్చిందో!" అన్నాడు.

వీడికి ఏం జవాబు చెప్పాలో మీరే రాయండి. నాకు తోచినవేవీ ఇక్కడ రాయదగినవి కావు.