ముల్లు నొక్కని ఈగలు

కిందటి నెల రక్తపరీక్షకని హామిల్టన్‌లో మా ఇంటి దగ్గరి ల్యాబుకు వెళ్ళి, నంబరు చీటీ పట్టుకుని కూర్చున్నాను. ఎదురు కుర్చీలో నాకంటే పదేళ్ళు చిన్నగా కనిపిస్తున్న ఒకాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. ఆ టోపీ అంచున గుచ్చి ఉన్న చిన్న ఈగను చూసేసరికి చేతిలోని చీటీ మరిచి ముందుకు వంగాను. ఈగంటే నిజం ఈగ కాదు. ట్రౌట్ చేపలను పట్టడానికి గాలపు కొక్కేనికి ఈకలూ బొచ్చూ దారంతో చుట్టి, నీటి మీద వాలిన పురుగులా కనబడేట్టు తయారుచేసే బొమ్మ ఈగ. ఇక్కడివాళ్ళు ఫ్లై అంటారు. దాని మెడ దగ్గర, ఆఖరి ముడికి కాస్త ముందు, ఎర్రదారం ఒకే ఒక్క చుట్టు ఉంది. ఆ చుట్టు నాది. ముప్పై ఏళ్ళ పైచిలుకు కిందట నా వేళ్ళు వేసిన చుట్టు.

సిగ్గు విడిచి అడిగి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. వాళ్ళ నాన్నగారిదట, ఒక్కసారి కూడా నీళ్ళలో పడలేదట. ఆయన ఇంకేదో చెబుతూనే ఉన్నారు గానీ, నేను మాత్రం కొక్కెం మొన వెనక బొటనవేలితో తడుముతున్నాను, అక్కడుండే ఎదురుముల్లు నొక్కి ఉందా లేదా అని. నొక్కే ఉంది. ఈగను తిరిగి ఇచ్చేసి లోపలికి వెళ్ళి కూర్చున్నాక కూడా నేను పిడికిలి విప్పకపోతే, రక్తం తీసే పంజాబీ అమ్మాయి కంగారుపడి "ఆర్ యూ ఓకే, ఆంటీ?" అంది.

అంతగా ఎందుకు అదిరిపోయానో నా ఈడువాళ్ళకు చెప్పుకోవాలనిపించింది.

పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలో మావారు స్టీలు ప్లాంటులో షిఫ్టు పని చేసేవారు. నాకు జువాలజీలో బీఎస్సీ డిగ్రీ ఉంది, పురుగుల రెక్కల్లోని నరాలు లెక్కపెట్టి బొమ్మలు వేసి మార్కులు తెచ్చుకున్న చదువు. ఎక్కడికి అప్లై చేసినా "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్" ఉందా అనే ప్రశ్నే. అది మొదటి ఉద్యోగం ఇస్తేగాని రాదు, అది ఉంటేగాని మొదటి ఉద్యోగం ఇవ్వరు. ఆ రోజుల్లో ఇది అనుభవించని మనవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు అదృష్టవంతులు. అలా కాళ్ళీడ్చుకుంటూ తిరుగుతున్న ఒక చలి మధ్యాహ్నం, ఒక షాపు అద్దానికి అంటించిన కాగితం కనబడింది. సన్నపని చేయగల నెమ్మదైన చేతులు కావాలని దాని సారాంశం. కుట్టుపని కాబోలనుకుని తలుపు తోశాను.

తోసి, అక్కడే కొయ్యబారిపోయాను. గోడకి వరసగా కోడిపుంజుల మెడలు, తోలూ ఈకలతో సహా వేలాడుతున్నాయి. బల్ల మీద ఎండబెట్టిన కుందేలు మొహం, చెవులతో సహా, నా వంకే చూస్తున్నట్టు పడి ఉంది. మా పుట్టింట్లో కోడిగుడ్డు గడప దాటి వచ్చేది కాదు. నేను వెనక్కి తిరిగేలోపే, బల్ల వెనక నుంచి కళ్ళద్దాల మీదుగా చూస్తూ షాపు పెద్దాయన, నెరిసిన మీసాలూ పొట్టి వేళ్ళూ ఉన్న మనిషి, లేచి నిలబడి కుర్చీ లాగారు. మర్యాదకోసం కూర్చున్నాను. చిన్న బిగింపులో ఒక కొక్కెం బిగించి, దాని మీద ఒక ఈక పెట్టి, దారం నా చేతికిచ్చి, ఈక నలగకుండా, జారకుండా ముడివెయ్యమన్నారు.

అది నాకు తెలిసిన ముడే. చిన్నప్పటి నుంచీ సాయంత్రాలు మల్లెలు, కనకాంబరాలు మూరలు మూరలు కట్టిన చేతులు నావి. తొడిమె తెగకూడదు, పువ్వు రాలకూడదు, దారాన్ని దాని కిందికే తిప్పి లాగాలి. రెండు వేళ్ళ మీద మెలి వేసి బిగించాను. పెద్దాయన వంగి చూశారు. ఈకను గోటితో లాగి చూశారు. ఆ ముడి నేర్పడానికి తనకు ఒక్కో మనిషితో ఒక్కో చలికాలం పట్టిందని, ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. పూలు కట్టడమంటే ఏమిటో నా అప్పటి ఇంగ్లీషులో చెప్పలేక, తల వెనక చెయ్యి పెట్టి జడ చూపించాను. ఏమర్థమయిందో గానీ, మర్నాడు తొమ్మిదింటికి రమ్మన్నారు.

మావారికి కుట్టుపని అని చెప్పాను. పూర్తిగా అబద్ధం కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నాలుగు నెలలు గడిచాక ఒక ఆదివారం నా కోటు దులుపుతూ ఆయన జేబులోంచి గోధుమరంగు కోడి ఈక ఒకటి బయటికి తీశారు.

"ఏమిటే ఇది?"

చెప్పేశాను. ఆయన మొహం పాలిపోయింది. మంచం మీద కూలబడి, ఆ ఈకను వేళ్ళ మధ్య తిప్పి చూశారు.

"చేపల్ని చంపే పనా? మనింటావిడ?"

"నేను ఈగలు చేస్తున్నానండీ, అంతే."

"ఆ ఈగలు ఎందుకో తెలీదా?"

"మీ ప్లాంటులో పోసే స్టీలు ఏమవుతుందో మీకు తెలుసా? కార్లవుతుందో కత్తులవుతుందో ఎప్పుడైనా అడిగారా?"

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన నిర్ఘాంతపోయి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ఆ వారమంతా మా మధ్య అన్నం, కూర, ఉప్పు తప్ప మాటలు లేవు.

ఈ సంగతి పెద్దాయనకు ఎలా తెలిసిందో, కట్టే మనిషి ఒక్కసారైనా తన ఈగ నీటిమీద వాలడం చూసి తీరాలని, మావారినీ తీసుకురమ్మని ఆయనే పిలిచారు. మే నెలలో ఒక శనివారం పొద్దున్న గ్రాండ్ నదికి వెళ్ళాం. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి పెద్దాయన దారాన్ని గాలిలోకి విసిరితే, నేను కట్టిన ఈగ వెళ్ళి దూదిపింజలా నీటి మీద కూర్చుంది. రెండు బారలు తేలిందో లేదో, నీరు పగిలింది. నేను కెవ్వుమన్నాను. అన్నాళ్ళూ అది ఒక బొమ్మ, ఒక పనితనం. ఆ క్షణంలో దాని అవతలి కొసన ఒక ప్రాణం కొట్టుకుంటోంది. మావారు నా భుజం పట్టుకున్నారు.

పెద్దాయన చేపను ఒడ్డుకు తెస్తారని, చంపుతారని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన చెయ్యి ముందు నీళ్ళలో తడుపుకుని, ఆ బంగారు వన్నె చేపను, ఒంటినిండా ఎర్ర చుక్కలు, నీళ్ళలోనే అరచేతిలో నిలబెట్టి, రెండు వేళ్ళతో కొక్కేన్ని అలవోకగా వెనక్కి తీశారు. అది ఒక్క విసురుతో మాయమైపోయింది. నా షాపులో ప్రతి కొక్కేనికీ ముల్లు ఎందుకు నొక్కిస్తానో తెలిసిందా అని అడిగారు. కొక్కెం మొన వెనక ఎదురుతిరిగి ఉండే ఆ నూకంత ముల్లును పట్టకారుతో నొక్కేస్తే, గుచ్చుకున్నది ఎంత తేలిగ్గా దిగిందో అంత తేలిగ్గానే వచ్చేస్తుంది. నొక్కకపోతే మాంసం చీల్చుకునే బయటికి వస్తుంది. రోజూ యాంత్రికంగా చేసే ఆ పనికి అర్థం నాకు ఆ రోజే తెలిసింది.

అంతకన్నా ఆశ్చర్యం, తిరుగుదారిలో మావారు పెద్దాయనను ఆ దారం విసరడం తనకూ నేర్పుతారా అని అడగడం. ఆ వేసవంతా సెలవు దొరికితే చాలు, ఆయన నది దగ్గరే. పట్టడం, వదలడం. ఇంట్లో పప్పూ చారూ.

మరుసటి వసంతంలో జరిగినది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ఒక శుక్రవారం సాయంత్రం రెండు డజన్ల ఈగలు కట్టడం పూర్తయింది, ముల్లు నొక్కడం ఒక్కటే మిగిలింది. బయట వాన. బస్సు తప్పితే ఇంకో నలభై నిమిషాలు నిలబడాలి. సోమవారం నొక్కుదాంలే అనుకుని పెట్టె మూసి బల్ల మీద వదిలేసి పరిగెత్తాను. ఆదివారం నది ఒడ్డున పెద్దాయన, పూర్తయినవనుకుని తెచ్చిన ఆ పెట్టే తన సంచీలోంచి తీసి, అందులో ఒకటి మావారి దారానికి కట్టారట. నేను అప్పుడు కాస్త ఎగువన ఫ్లాస్కులో టీ పోస్తున్నాను, చూడలేదు.

గాలి ఎక్కువగా ఉంది. మావారి మోచెయ్యి సరిచేద్దామని పెద్దాయన ఆయన వెనక్కి వచ్చారు. మావారు చూసుకోకుండా దారం వెనక్కి విసిరారు. పెద్దాయన గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది, అంతే. తిరిగి చూస్తే ఆయన కుడికంటి పైరెప్పలో నా ఈగ వాలి ఉంది.

మావారి చేతిలోని గాలపు గెడ నీళ్ళలో పడిపోయింది. "అయ్యో, అంకుల్! అయ్యో, ఏం చేశాను!" అని తెలుగులోనే అరుస్తూ ఆయన చుట్టూ తిరుగుతున్నారు. పెద్దాయన మాత్రం, ఆ మనిషి స్థిమితం ఏమని చెప్పను, ఎడంచెయ్యి ఎత్తి ఆయన్ని ఆపారు.

"కంగారుపడకు. ముల్లు నొక్కి ఉంటుంది. లాగితే వచ్చేస్తుంది."

అని కుడిచెయ్యి కంటి దగ్గరికి తీసుకెళ్ళారు.

అప్పుడు చూశాను, ఆయన పక్కన రాయి మీద తెరిచి ఉన్న పెట్టెను. శుక్రవారం పెట్టె.

ఆ క్షణం ఎంత పొడుగ్గా సాగిందో నాకు మాత్రమే తెలుసు. చెబితే ఉద్యోగం పోతుందని, నమ్మకం పోతుందని కూడా ఆ లిప్తలో మనసుకు తట్టింది, దాచడమెందుకు. ఆయన వేళ్ళు కొక్కేన్ని పట్టుకున్నాయి.

"లాగొద్దు! నొక్కలేదు! నేను నొక్కలేదు!"

ఇంగ్లీషులో అన్నానో తెలుగులో అన్నానో ఈ రోజుకీ తెలియదు. ఆయన చెయ్యి ఆగింది. తెరిచి ఉన్న ఎడమకంటితో నన్ను చూశారు. నేను నీళ్ళలోకి చెప్పులతోనే దిగి, మెడలో వేలాడే చిన్న కత్తెరతో దారం తెగ్గొట్టి, టీ తాగే కాగితం కప్పు ఆ కంటిమీద బోర్లించి, చున్నీతో తలచుట్టూ కట్టాను. మావారు ఆయన్ని చెయ్యిపట్టి నడిపించారు.

దగ్గరి ఊరి ఆసుపత్రికి ఇరవై నిమిషాల దారి. డాక్టరు కొక్కేన్ని వెనక్కి లాగకుండా ముందుకే తోసి, ముల్లు బయటపడ్డాక దాన్ని కత్తిరించి తీశారు. లాగి ఉంటే రెప్ప చీలిపోయేదని, కంటి సంగతి తాను చెప్పలేనని అన్నారు. కన్ను దక్కింది. రెప్ప మీద ఒక గాటు, కొంచెం వాలిన చూపు మిగిలాయి.

సోమవారం మానేస్తున్నానని చెప్పడానికే షాపుకు వెళ్ళాను. రాత్రంతా వల్లెవేసుకున్న మాటలు గుమ్మంలోనే పోయాయి. కంటికి కట్టుతో పెద్దాయన నా కుర్చీ పక్కనే నిలబడి ఉన్నారు. నా బల్ల మీద మిగిలిన ఇరవై మూడు ఈగలూ వరసగా పేర్చి ఉన్నాయి, పక్కన పట్టకారు.

"ఇవి మిగిలిపోయాయి," అన్నారు.

నేను నిలబడే ఏడ్చాను. ఏడుపు ఆగాక ఆయన కుర్చీ లాగి, "దారానికి కట్టే ముందు ముల్లు చూసుకోవలసింది నేను కూడా. నువ్వు నోరు విప్పావు, నా చెయ్యి ఆగింది. కూర్చో," అన్నారు. తిడతారని సిద్ధపడి వెళ్ళిన దాన్ని, ఆ ఒక్క 'కూర్చో' విని నివ్వెరపోయాను. ఇరవై మూడూ నొక్కాను. ఆ తరువాత తొమ్మిదేళ్ళు అక్కడే పనిచేశాను. ముడికి ముందు ఎర్రదారం ఒక చుట్టు వెయ్యడం ఆ సోమవారం నుంచే మొదలుపెట్టాను, ముల్లు నొక్కాక మాత్రమే వేసే చుట్టు అది, నాకు నేను పెట్టుకున్న గుర్తు. మావారు మాత్రం రెండేళ్ళపాటు గెడ ముట్టలేదు. పెద్దాయనే ఒక రోజు మా ఇంటికి వచ్చి, చారన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఆయన్ని బతిమాలి తీసుకెళ్ళారు.

పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. షాపు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. ఈగలిప్పుడు డజన్ల లెక్కన ప్లాస్టిక్ పెట్టెల్లో ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, ఏ దేశంలో ఏ ఆడమనిషి కట్టిందో, ఆమెకు నదిని ఎవరైనా చూపించారో లేదో.

పోయిన జూన్‌లో మావారూ నేనూ ఆ నదికి వెళ్ళాం. ఆయన మోకాళ్ళకి నీళ్ళలో దిగే ఓపిక లేదు. ఒడ్డునే మడతకుర్చీల్లో కూర్చుని, చీకటి పడకముందే బయలుదేరాం. ఒకప్పుడు ఆ నెలలో, ఆ వేళకు, నది నుంచి ఒక్కరోజు ఆయుష్షున్న రెక్కపురుగులు మబ్బులా లేచేవి. వాటిని చూసే కదా మేము మా ఈగలు కట్టింది. కారు అద్దం నిండా అతుక్కుపోయి దారి కనబడక, రెండు చోట్లయినా ఆపి మావారు తుడవవలసి వచ్చేది. ఈసారి గంటసేపు ఆగకుండా వచ్చాం. ఇంటి ముందు కారు ఆపి ఆయన అలవాటుకొద్దీ సీటు కింద నుంచి గుడ్డ తీసుకుని దిగారు. దిగి, అద్దం ముందు అలాగే నిలబడిపోయారు. నేనూ దిగి చూశాను. ఒక్క మరక లేదు. వీధి దీపం వెలుతురులో అద్దం కడిగినట్టు మెరుస్తోంది.

ఆయన గుడ్డ చేతిలో పట్టుకునే, "ఏమే, అవన్నీ ఏమైపోయాయి?" అని అడిగారు. జువాలజీ చదివినదాన్ని, ఆ అద్దాన్ని బొటనవేలితో తడిమి చూశాను.