పెదమావ కుట్టిన చెయ్యి

పెదమావ పోయాడని పక్కింటివాళ్లు కిటికీలోంచి అరిచి చెప్పారు. ఒకపక్క సైన్యం మీద తిరుగుబాటు, ఇంకోపక్క అంటుజబ్బు. బర్మాలో, యాంగోన్‌లోని మా తెలుగోళ్ల సందుకు ఎవరూ రాకుండా పోకుండా వెదుళ్లు అడ్డం కట్టేశారు. నలుగురు ఆయన్ని మోసుకెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. నాకు దక్కింది అంతే.

ఆయన నాకు చుట్టం కాదు. ఎదురింట్లో చెప్పులు, బెల్టులు కుట్టుకునే ముసలాయన. లైంగ్‌థార్యార్ పేట బట్టల ఫ్యాక్టరీలో మిషను నా ఎడమ చేతిని మణికట్టు దాకా తీసేసుకున్నప్పుడు సందంతా వచ్చి అయ్యో అంది. ఆ అయ్యోలు వినలేక చచ్చాను. ఈయన మాత్రం, "ఓలమ్మీ, ఏటి సెయ్యనేకపోతన్నావో అదొక్కటి సెప్పు" అన్నాడు.

ఒళ్లు మండింది. "ఉండేలు కొట్టనేను. కుట్టిత్తావేటి?" అన్నాను.

చిన్నప్పుడు నాన్నతో పడవలో నది దాటి ట్వంటే పొలాలకెళ్లి వరి కొరికే ఎలుకల్ని కొట్టేదాన్ని. నా గురి తప్పేది కాదు. పెదమావ నవ్వలేదు. కొలతలు తీసుకున్నాడు.

వారానికి మోచేతి దాకా వచ్చే తోలు తొడుగు తెచ్చాడు. దాని చివర బోల్టుతో బిగించిన ఉండేలు పంగ. అంతా బాగుంది గాని, బకిల్ పెట్టుకోవాలంటే రెండు చేతులు కావాలి! "నీ తెలివి తెల్లారినట్టే ఉంది మావా" అన్నాను. మర్నాడు చూద్దును గదా, తన ఎడమ చెయ్యి తువ్వాలుతో వీపు వెనక్కి కట్టేసుకుని, చెమటలు కక్కుతూ పళ్లతో పట్టీ లాగుతున్నాడు. పట్టీ ఒంటి చేత్తో పడేదాకా రెండ్రోజులు అదే పని. "నాను ఏసుకోనేనిది నీకెలాగ ఇత్తానే గుంటా?" అన్నాడు. ఆ ఆదివారం ట్వంటేలో మొదటి దెబ్బకే ఎలుక పడింది. నేను గట్టుమీద కూచుని ఏడ్చాను.

తిరుగుబాటులో కుర్రాళ్లు ఉండేళ్లు పట్టారు. దాంతో సైనికులు ఇల్లిల్లూ గాలించి, ఉండేలు దొరికిన మనిషిని పట్టుకుపోసాగారు. పంగ ఇచ్చెయ్యమన్నాడు పెదమావ. "ఇంకోపాలి సెయ్యి తెగ్గోసుకోమంటావా?" అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన పంగ విప్పి తన పొయ్యిలో పెట్టాడు. అదే బోల్టుకి గరిటె బిగించి వెళ్లాడు. సైనికులొచ్చేసరికి గంజి కలుపుతున్నాను. ఒకడు తొడుగు వైపు తుపాకి చూపించాడు. పెదమావ గుమ్మంలోంచి బర్మా భాషలో, "అది ఆ పిల్ల చెయ్యి" అన్నాడు. వెళ్లిపోయారు.

పంగ కాల్చాడని పది రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. రాయడానికే సిగ్గుగా ఉంది. "సెయ్యుంటే పంగ మల్లీ దొరుకుద్ది" అని ఆయనే వచ్చి గొణిగేవాడు.

ఆ జబ్బుతో ఆయన మంచం పట్టాక ఆ గరిటెతోనే గంజి కాచి ఆయన గడప మీద పెట్టేదాన్ని. దగ్గుతూనే లోపల్నుంచి అడిగేవాడు: "తోలుకి నూని రాత్తన్నావేటి?" రాత్తన్నాను మావా అనేదాన్ని. రాయలేదు.

నిన్న పక్కింటివాళ్లు ఆయన పనిపెట్టె నాకు తెచ్చిచ్చారు. అందులో నున్నగా చెక్కిన కొత్త జామకర్ర పంగ ఉంది, బోల్టుకి సరిపడా చిల్లితో. పక్కనే అప్పుడు చెయ్యి కట్టేసుకున్న ఆ తువ్వాలు. ఆయన మణికట్టు పట్టేంత ఉచ్చు అలాగే ఉంది. తొడుగుకి నూనె రాశాను. తువ్వాలు ముడి ఒంటి చేత్తోనైనా విప్పగలను. విప్పబుద్ధి కావడం లేదు.