ఎవరి ట్యాగు వాళ్లే తీయాలి

మొన్న మంగళవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి స్కూటర్‌కి స్టాండు వేస్తున్నాను. పక్క క్వార్టర్ పిన్ని గేటు దగ్గరే నిలబడి ఉంది. చేతిలో ఆస్పత్రికి పంపాల్సిన క్యారియర్. "ఇంక ఇది అక్కర్నేదు బాబూ. మీ బాబాయి ఎలిపోనాడు" అంది. ఆ క్యారియర్ అందుకుని ఏం చేయాలో తోచక స్కూటర్ హ్యాండిల్‌కే తగిలించాను.

బాబాయి నాకు చుట్టం కాదు. బారిడీహ్‌లో మా క్వార్టర్ల లైన్లో పిల్లా పెద్దా అందరికీ ఆయన ఫోర్మన్ బాబాయే. శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు రాని వయసులో ఈ హిందీవాళ్ల స్టీలు ఊరికి వచ్చి, ఎలక్ట్రికల్ ఫోర్మన్‌గా రిటైరైన మనిషి. ప్లాంటులో నాకు మోటార్లు విప్పడం నేర్పాడు. ఇంట్లో తండ్రిగా ఉండడం నేర్పాడు. తిట్లు ఎక్కువ తిన్నది రెండోదానికే.

ఆయన సంగతి చెప్పాలంటే ముందు ఎర్ర ట్యాగు సంగతి చెప్పాలి. ప్లాంటులో ఏ యంత్రం మీద చెయ్యి వేయాలన్నా, ముందు దాని స్విచ్ ఆపి, దానికి మన పేరు, పని రాసిన ఎర్ర అట్టముక్క కట్టాలి. కట్టినవాడే తీయాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంకొకడి ట్యాగు ముట్టుకోకూడదు, ఎందుకంటే దాన్ని నమ్ముకుని లోపల ఒక మనిషి ఉంటాడు. బాబాయి ఎడమచేతికి రెండు వేళ్లు సగానికే ఉండేవి. ఒకప్పుడు ఎవరో ఆయన ట్యాగు తీసి స్విచ్ వేశారు. ఎవరని ఎంత అడిగినా పేరు చెప్పలేదు.

మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చేనాటికి మా అమ్మాయి తొమ్మిదో క్లాసు. కొన్నది దాని చదువు కోసమే. కొన్న నెలకల్లా దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. పిల్ల బడి నుంచి రాగానే దాని ముందే కూర్చునేది. అప్పటి మౌస్ అడుగున చిన్న గుండు ఉండేది. అది తీసేస్తే స్క్రీన్ మీద బాణం కదలదు. నేను రోజూ ఆ గుండు తీసి చొక్కా జేబులో వేసుకుని డ్యూటీకి పోయేవాణ్ణి. గేటు దగ్గర సెక్యూరిటీవాడు తడిమి, "యే క్యా హై?" అని ఏంటో అడిగితే, "మా అమ్మాయి చదువు" అనేవాణ్ణి. చాలా తెలివైన పని చేస్తున్నానని నా నమ్మకం.

ఓ సాయంత్రం సాక్చీ బజార్లో ట్యూషన్ ముందు నించుంటే పిల్ల రాలేదు. నాలుగు దుకాణాల అవతల సైబర్ కేఫ్‌లో దొరికింది. అందరి ముందూ చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చాను. అది ఏం చూస్తోందని అడగలేదు. ఆ రోజు నుంచి మా అమ్మాయి నాతో మాట్లాడడం మానేసింది. ఏమడిగినా, నాన్నా అని కూడా కాదు, బయటివాళ్లతో అన్నట్టు హిందీలో "ఠీక్ హై, పాపా" అనే ముక్కలే. ఒక్కగానొక్క పిల్ల. ఒకే ఇంట్లో తిరుగుతూ నాకు దూరమైపోతోందని తెలుస్తూనే ఉంది. ఎలా ఆపాలో తెలియలేదు.

మూడో రోజు బాబాయి వచ్చాడు. "ఏటి, పిల్ల గొంతు ఇనపడ్డం నేదు?" అన్నాడు. చెప్పాను. గుండు కూడా జేబులోంచి తీసి చూపించాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"నానూ నీలాటోణ్ణే. ఆ రోజుల్లో మావోడు టీవీ ముందర్నించి లెగటం నేదని కేబుల్ వైరు కటింగ్ ప్లయర్‌తో కోసీసినాను. ఆడు ఏడాది పాటు ఊళ్లోవోళ్ల ఇళ్లల్లో టీవీ సూసి, అక్కడే తిని వొచ్చీవోడు. నా ఇంట్లో టీవీ నిశ్శబ్దంగా ఉండీది, మావోడూ అంతే. తాళం ఏత్తే దొంగ పుడతాడు అబ్బీ. ట్యాగు కడితే మాట పుడతాది."

ఆయనే మా అమ్మాయిని పిలిచి కేఫ్‌లో ఏం చేస్తోందో అడిగాడు. వాళ్ల నాన్నకి బదిలీ అయ్యి ఊరు వదిలి వెళ్లిపోయిన స్నేహితురాలికి ఉత్తరం టైపు చేస్తోందట. నేను ముక్కు మీద వేలేసుకున్నాను. "నాకూ నేర్పమ్మీ, మా తమ్ముడికి రాత్తాను" అని బాబాయి కంప్యూటర్ ముందు దాని పక్కన కుర్చీ లాక్కున్నాడు. గంట సేపు ఒంటివేలితో టైపు చేసి "బాగున్నావా" దగ్గరే ఆగిపోయాడు. పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వు విని వంటింట్లోంచి మా ఆవిడ బయటికొచ్చింది.

వెళ్లేముందు ఆయన సంచిలోంచి ఎర్ర అట్టముక్కలు తీశాడు. కంప్యూటర్ ఎప్పుడు ఆపాలో పిల్లే అనుకుని, తన పేరుతో ట్యాగు రాసి స్విచ్‌కి కట్టాలి. మళ్లీ తనే తీయాలి. రోజుకి ఎంతసేపన్నది ముగ్గురం కూర్చుని మాట్లాడుకోవాలి. "యంత్రం తప్పేటీ నేదు. స్విచ్ మీద సెయ్యి ఎవులిదో సూడండి" అన్నాడు. గుండు మళ్లీ మౌస్‌లో పెట్టేశాను, నమ్మకం మాత్రం కుదరలేదు. కానీ నెల తిరిగేసరికి పిల్ల చెప్పిన టైముకి లేచి ట్యాగు కట్టేది. నేను మనసులో నిమిషాలు లెక్కపెడుతూ కూర్చునేవాణ్ణి, బయటికి అనేవాణ్ణి కాదు.

చెడగొట్టింది నేనే. పిల్ల పరీక్షలని వారం పాటు ట్యాగు కట్టేసింది. నాకేమో అందులో పేకాట అలవాటైంది. ఓ ఆదివారం అది గుడికి వెళ్లినప్పుడు ట్యాగు విప్పి రెండాటలు ఆడి మళ్లీ కట్టేశాను. ముడి తేడాగా ఉందని పిల్ల కనిపెట్టింది. అరవలేదు. ట్యాగు విప్పి నా చేతిలో పెట్టి, "ఠీక్ హై, పాపా" అంది.

బాబాయి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అంతా విన్నాడు. ఎడమచెయ్యి తీసి బల్ల మీద నా ముందు పెట్టాడు. ఆ సగం వేళ్ల వైపు చూడలేక తల దించుకున్నాను. "ఎల్లి ఆ పిల్లకి తప్పయిందని సెప్పు. పెద్దోణ్ణని సిగ్గు పడకు" అన్నాడు.

చెప్పాను. నా జీవితంలో మా ఆఫీసరు ముందు కూడా అలా తప్పు ఒప్పుకోలేదు. మౌస్‌లోంచి ఆ గుండు తీసి, అది కూడా పిల్ల చేతిలోనే పెట్టాను. కాసేపు గుండు తిప్పి చూసి, "ఇంక తీయకు నాన్నా" అంది. పాపా అనలేదు.

తర్వాత ఆదివారాల్లో బాబాయి వరండాలో కుర్చీలు పడ్డాయి. ఎక్కడో దూరాన ఉన్న బాగ్‌బేరా నుంచి, గమ్హరియా నుంచి కూడా తల్లిదండ్రులు వచ్చేవారు. ఒకావిడ కొడుకు టీవీ వదలడం లేదని ఏడిస్తే, "నువ్వేటి సూత్తావు తల్లీ?" అన్నాడు. సీరియళ్లని ఆవిడ నసిగింది. "అయితే ముందల నీ ట్యాగు రాయి" అని అట్టముక్క చేతిలో పెట్టాడు. ఎవరినీ టీవీ అమ్మేయమనలేదు, కంప్యూటర్ మూసేయమనలేదు. పక్కన కూర్చోమన్నాడు. పిల్లలకి పెట్టిన రూలు తమకీ పెట్టుకోమన్నాడు. అది వినడానికి తేలిక, చేయడానికి చావు. అలవాటయ్యేదాకా ఆయన వదిలేవాడు కాదు, ఇంటికొచ్చి మరీ ముడి చూసేవాడు.

ఆయనకీ ఒక పిచ్చి ఉంది, క్రికెట్టు. సాయంత్రం పిల్లలు లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చినా ఒక కన్ను టీవీ మీదే. మా అమ్మాయే అట్టముక్క మీద "అయిదు నుంచి ఏడు, పిల్లలున్నారు" అని రాసి ఇచ్చింది. కింద ఆయన వంకరటింకరగా సంతకం పెట్టాడు. రోజూ అయిదింటికి టీవీ స్విచ్‌కి కట్టడం, ఏడింటికి తీయడం. ఒంట్లో బాగులేక ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆరింటికి, ట్యాగు కట్టినది కట్టినట్టే ఉండిపోయింది.

సువర్ణరేఖ నది ఒడ్డున వాళ్లబ్బాయి చేత అన్నీ చేయించి వాళ్లింటికి వచ్చాం. ఊరి నుంచి వచ్చిన బంధువొకాయన వార్తలు పెడదామని టీవీ స్విచ్ మీద చెయ్యి వేశాడు. మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. "కట్టినాయన రాలేకపోతే ప్లాంటులో ఎవరు తీస్తారు నాన్నా?" అని నన్నడిగింది.

"ఇన్‌ఛార్జి వచ్చి, లోపల మనిషి లేడని చూసుకుని తీస్తాడు" అన్నాను.

మూల కూర్చున్న పిన్ని తలెత్తింది. "లోన మనిసి నేడని ఎవులన్నారు?"

బంధువు చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్లి కూర్చున్నాడు. ఈ ఆదివారం వరండాలో కుర్చీలు నేనే వేస్తాను, అట్టముక్కలు కోసి సిద్ధంగా పెట్టాను. ఆయన ట్యాగు మాత్రం అలాగే ఉంది. ఫ్యాను గాలికి తిరుగుతుంటే ఓసారి మా అమ్మాయి అక్షరాలు, ఓసారి ఖాళీ వెనకవైపు కనిపిస్తున్నాయి. ముడి ఆయన వేసిందే.