సడక్ మీది బువ్వ

మొన్న ఒక పెండ్లికి పోతే అందరు పళ్లాలు చేతుల పట్టుకొని నిలవడే తింటున్నరు. నాకేమో మోకాళ్లు నొస్తున్నయి, ఇగ సిగ్గెందుకని గోడ పక్కకు నేల మీదనే కూలవడి పళ్లెం ముందట పెట్టుకున్న. ఒక పిల్ల ఉరికచ్చి కుర్చీ తెస్త పెద్దమ్మా అన్నది గాని నేనే వద్దన్న. మన ఈడోళ్లకు ఎరుకే, కింద కూసోని తింటేనే కడుపుల పడ్డట్టుంటది. గట్ల కూసున్ననో లేదో, తెలంగాణ కొట్లాట నాటి సిరిసిల్ల సడకు, వానకు తడిసిన డాంబరు మీద వరుసగ ఏసిన ఇస్తార్లు, ఆ వరుసల నన్ను కన్న మా అవ్వ, అన్నీ కండ్లల్ల మెదిలినయి. కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్సిన.

మా అవ్వది సిరిసిల్ల, ఇచ్చింది కోరుట్లకు. ఆమెకు ఒక్కడే తమ్ముడు, నా మేనమామ, సాంచల మీద బట్ట నేసేటోడు. తల్లిదండ్రి చిన్నప్పుడే పోతే అవ్వే సంకన ఎత్తుకొని సాదింది గనుక ఆమెకు ఆయన తమ్ముడు గాదు, మొదటి కొడుకు. నన్ను సుత సిరిసిల్లకే ఇచ్చిన్రు.

ఆ దినాలు మీకు యాదికి ఉండే ఉంటయి, ఒక ఇంట్ల పోరడు అడివిల నక్సలైట్ అన్నలల్ల కలిసేది, ఇంకో ఇంట్ల పోరడు పోలీసుల చేరేది, ఒక్కొక్కపారి ఇద్దరిది ఒక్క రక్తమే అయ్యేది. మాకు గట్లనే అయింది. మా అన్న అడివి పట్టిండు, మామ పెద్దకొడుకు పోలీసైండు. ఎండకాలం సెలవులల్ల ఒక్క చెద్దరు కింద పండిన పిల్లలు వాళ్లు. జగిత్యాల దిక్కు మందుపాతర పేలి మామ కొడుకు చచ్చిపోయిండు. ఆ పాతర పెట్టినోళ్లల్ల మా అన్న ఉన్నడో లేడో అప్పుడు తెల్వది, ఇప్పటికీ తెల్వది. గాని నెత్తి కొట్టుకుంట ఉరికిన అవ్వను మామ వాకిట్లనే ఆపిండు, కొడుకు రొమ్ము మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నడు, నా గడప నువ్వు తొక్కద్దు, నీ ఇంట్ల నీళ్లు నేను ముట్ట అని. కొన్నొద్దులకు మా అన్నను సుత ఎన్‌కౌంటర్ల కాల్చిన్రు. కోరుట్లకు పీనుగ అచ్చింది గాని మామ రాలే.

నాయిన పోయినంక అవ్వను నా దగ్గరికి తెచ్చుకున్న. మామ ఇల్లు మా ఇంటికి రెండు గల్లీల అవతలనే. ఎదురువడితే మంచిగున్నవా బిడ్డా అని నన్ను అడిగేటోడు, అవ్వ పేరు మాత్రం ఎత్తకపోయేది. ఒక్కపారి పోయి రా, కోపం చల్లారి ఉంటది అని నేను అవ్వతోని ఎన్నిసార్లు లొల్లి పెట్టుకున్ననో. ఒట్టు పిల్లగాని పీనుగ మీద పెట్టిండు, దాన్ని తప్పితే వాని పాణం ఘోస పడ్తది అనేది. ఆమెకు తమ్ముని మీద కోపం లేకుండె, మేనల్లుని మీద ప్రేమ, పావురం ఉండె.

గంతట్ల తెలంగాణ కోసం సమ్మె అచ్చింది. బస్సులు బందు, బడులు బందు, సాంచలు సుత బందయి ఊరు నిమ్మలమైంది. వాడకట్టుకొక దినం సడక్ మీద వంటా వార్పు పెట్టిన్రు, ఇంటికింత బియ్యం తెచ్చి, మూడు రాళ్ల మీద గుండిగెలెక్కించి, వండి, ఆన్నే కూసోని తినుడు. మా గల్లీ ఆడోళ్లతోని అవ్వ సుత అచ్చి వరుసల కూసున్నది. వడ్డించేటోళ్లు సాంచల కార్మికులు, పప్పు బకీటు మామ చేతుల ఉన్నది. వంగి వడ్డించుకుంట అచ్చి అచ్చి అవ్వ ఇస్తారి కాడ ఆగిపోయిండు. గంటె మీదికి లేస్తలేదు, కిందికి దిగుతలేదు.

అవ్వ తల ఎత్తకుంటనే అన్నది, “ఇది నీ ఇల్లు గాదు, నా ఇల్లు గాదు తమ్మీ. సడకు. పెట్టు.”

మామ పెట్టిండు. పెట్టి, బకీటు పక్కోనికిచ్చి, ఆమె పక్కపొంటి కూలవడ్డడు. అవ్వ తన ఇస్తార్ల అన్నం సగం ఆయన దిక్కు జరిపింది. ఆయన ఒక ముద్ద కలిపి, “నీ కొడుకును చూడ రాలే అక్కా” అన్నడు.

“నేను తొవ్వ దిక్కే చూసుకుంట కూసున్న రా,” అన్నది అవ్వ.

ఇద్దరు ఆ ఒక్క ఇస్తార్ల తిన్నరు. ఎవల కొడుకు ఎవలిని చంపిండని ఇద్దర్ల ఒక్కలు సుత అడుగలే.

ఇగ అప్పటిసంది ఎక్కడ వంటా వార్పు అంటే అక్కడికి అవ్వ తయార్. పొద్దున లేస్తనే ఇయ్యాల ఏమన్న ఉన్నదా బిడ్డా అని అడిగేది. నీది తెలంగాణ కొట్లాటనా, తమ్ముని కొట్లాటనా అని నేను ఎక్కిరిస్తే బోసి నోటితోని నవ్వేది. మామకు ఇష్టమని ఊరిన నిమ్మకాయ తొక్కు చిన్న డబ్బల పెట్టి కొంగుల ముడేసుకొని అచ్చేది, ఆయన అందరి ముందట దాన్ని నాకి నాకి తినేటోడు.

తెలంగాణ అచ్చిందన్న దినం ఊరంత డప్పులే, గులాలే, ఎవల మొఖం ఎవలిదో గుర్తువట్టస్తలేదు. నేను ఎగిరి ఎగిరి ఇంటికచ్చే వరకు అవ్వ గడపల కూసోని ఉన్నది. సంబురపడ్డది, పడలేదనను. ఇంత చక్కెర నోట్లేసుకొని మెల్లగ, “అయితే ఇగ సడక్ మీద వంటలు ఉండయా బిడ్డా?” అన్నది. నేను మొఖం తిప్పుకున్న.

ఉండలే. మామకు పక్షవాతమచ్చి మంచాన పడ్డడు. అవ్వ పొద్దుమాపు కట్టె పట్టుకొని పోయి, ఆ ఇంటి ముందట గల్లీల నిలవడి, తిన్నవా తమ్మీ అని కేకేసేది. తిన్న అక్కా అని లోపలినుంచి ముద్దముద్దగ ఇనవడేది. లోపలికి రా అత్తా అని మామ చిన్నకొడుకు కాళ్లు పట్టుకున్నడు, మేమందరం బతిమిలాడినం, ఇనలే. ఒకనాడు కేకేస్తే జవాబు రాలే. అప్పుడు సుత పీనుగను బయటకు తెచ్చేదాక వానలనే నిలవడ్డది. ఆయన పోయినంక ఆమె సుత ఎక్కువొద్దులు బతుకలే.

ఇప్పటి పిల్లలకు ఏ ఒట్లు పట్టింపు లేదు. మామ మనుమరాలు నా ఇంట్ల ఫ్రిజ్జు తనే తీసి నీళ్లు తాగుతది, నా కొడుకు ఆ ఇంట్లనే సగం దినాలు తింటడు. మంచిదే, గట్లనే ఉండాలె. నేను సుత పోత. పోయిన వారం ఆ ఇంట్ల చిన్నకొడుకు పెండ్లాం పీట ఏసి కూసోవెట్టి అన్నం పెట్టింది, ఇంకింత ఏసుకో అక్కా అని కొసిరి కొసిరి వడ్డించింది. తిన్న. అంత సులువుగ పెట్టిన్రు, అంత సులువుగ తిన్న. మా అవ్వ ఆ అన్నం కోసం బతుకంత గల్లీల నిలవడ్డది.